కోనసీమ కాలువ దారులు: రోడ్డు సైకిల్‌కి ఏది పనికొస్తుంది, ఏది రాదు

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్ళకి పని తేలిక. రాజమహేంద్రవరంలో బయల్దేరి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడ కాలువ పట్టుకుని లొల్ల లాకులు, రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి. ఆపైన పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం. గోదావరి డెల్టాలో రోడ్డు సైకిల్‌కి, అంటే సన్నటి టైర్లుండే వేగపు సైకిల్‌కి, ఇంతకన్నా మంచి ఒకరోజు దారి లేదు. దూరం 100 కిలోమీటర్లకు అటూ ఇటూ, అంతర్వేది కూడా చుట్టి వస్తే 120 దాటుతుంది. అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. కాకపోతే ఈ మార్కులు సంక్రాంతి వెళ్ళాక నుంచి మహాశివరాత్రి దాకా మాత్రమే చెల్లుతాయి. ఏప్రిల్ నెలాఖరులో ఇదే దారికి రెండు వేసినా ఎక్కువే.

ఇక్కడ ఎక్కుడు లేదు. బ్యారేజీ మీదికి చేరే వాలు, వంతెనల అప్రోచ్‌లు, లాకుల దగ్గర చిన్నచిన్న మిట్టలు, అంతే. అందుకే చాలామంది దీన్ని తేలిక దారి అనుకుని వస్తారు. ఘాట్ రోడ్డు మీద దిగుడులో కాళ్ళకి విరామం దొరుకుతుంది, కూర్చునే తీరు మారుతుంది. డెల్టాలో పొద్దున్న పెడల్ మీద పెట్టిన కాలు ఊరొచ్చి ఆగేదాకా తిరుగుతూనే ఉండాలి. 50 కిలోమీటర్లు దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం, సీటు దగ్గర ఒరుసుకుపోవడం మొదలవుతాయి. కాళ్ళ బలం తక్కువై కాదు, ఒకే భంగిమలో ఉండిపోవడం వల్ల. పది పదిహేను నిమిషాలకోసారి నాలుగు తొక్కుళ్ళు నిలబడి తొక్కడం, చేతులు హుడ్ల (బ్రేకు లీవర్ల మీది పట్టు) మీది నుంచి కిందికీ పైకీ మార్చడం అలవాటు చేసుకోవాలి. హ్యాండిల్ కింద దాన్ని పైకి లేపే ఒక సెంటీమీటర్ స్పేసర్ చేర్చుకున్నా ఈ దారికి లాభమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద అలవాటుపడిన వాళ్ళకి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ దారి సైకిళ్ళ కోసం వేసింది కాదు. గేదె, ఆటో, అరటి గెలల సైకిల్, కొబ్బరి లారీ, బాతుల మంద, అన్నిటికీ మీకన్నా ముందు హక్కు ఉంది.

డెల్టాలో నీటి పక్కన నడిచే దారులు రెండు రకాలు. ఒకటి కాలువ గట్టు, రెండోది ఏటిగట్టు. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మ్యాప్‌లో నదికి ఆనుకుని గీత కనిపించగానే ఏటిగట్టు ఎంచుకుంటారు. రోడ్డు సైకిల్‌కి అది తప్పు ఎంపిక. ఏటిగట్టు ఉన్నది వరదను ఆపడానికి. 1986 ఆగస్టు వరద తరవాత ఎత్తు పెంచి బలపరిచిన గట్లు ఇవి. వాటి మీద కొంత దూరం తారు, తరవాత ఉన్నట్టుండి గ్రావెల్, ఆపైన ఇసుక లారీలు తవ్విన గాడి. ఎక్కడ తారు ఆగిపోతుందో ఒక వరదకీ ఇంకో వరదకీ మధ్య మారిపోతుంది కాబట్టి పోయినేడాది ఎవరో చెప్పిన మాట ఈ ఏడాది చెల్లదు. ఒక పక్క లంకలు, ఇంకో పక్క మీకన్నా దిగువన ఇళ్ళ పెంకులు కనిపించే ఆ దారి అందం వేరే. కాదనడం లేదు. దానికి 38 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిల్ కావాలి. కాలువ గట్టు అలా కాదు. ఊరికీ ఊరికీ మధ్య బడికి, బజారుకి, బస్సుకి జనం వాడుకునే దారి అది. అందుకే తారు తెగిపోకుండా సాగుతుంది, ప్రతి మూడు నాలుగు కిలోమీటర్లకి ఒక ఊరు, ఒక టీ కొట్టు తగులుతాయి.

రాజమహేంద్రవరం స్టేషన్ నుంచి బ్యారేజీ దాకా ఉన్న ఏడెనిమిది కిలోమీటర్లు ఊళ్ళో ప్రయాణమే. ఉదయం ఆరింటికి ముందే దాటేస్తే ఇబ్బంది ఉండదు. బ్యారేజీకి నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మొత్తం 175 గేట్లు. కాటన్ కట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, ఇప్పుడు మీరు తొక్కేది 1982లో పూర్తయిన బ్యారేజీ. కోనసీమకి వెళ్ళేవాళ్ళు మొదటి రెండు భాగాలు దాటి బొబ్బర్లంకలో దిగాలి. పడమటి డెల్టాకి పోయేవాళ్ళే నాలుగూ దాటతారు. వంతెన మీద పక్క గాలి గట్టిగా కొడుతుంది, అదీ ఉండుండి విసురుగా. 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములున్న చక్రాలు వేసుకొస్తే ముందు చక్రం చేతిలో నిలవదు. మామూలు అల్యూమినియం రిమ్ములే ఈ దారికి మేలు. వంతెన జాయింట్ల మీద బ్రేకు వేయకుండా, హ్యాండిల్ నిటారుగా పట్టి దాటాలి. ఫొటో కోసం ఆగాలంటే వంతెన మీద కాదు, పిచ్చుకలంక దగ్గర నేల మీద ఆగండి.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల, అక్కడి నుంచి రావులపాలెం. ఈ ఇరవై కిలోమీటర్ల చిల్లర ముక్కే మొత్తం దారికి ప్రాణం. మధ్య డెల్టాకి నీళ్ళిచ్చే ప్రధాన కాలువ పక్కనే సాగుతుంది. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో కాలువ మట్టం రోడ్డుకి కాస్త దిగువనే కనిపిస్తుంది. అటు కొబ్బరి, ఇటు అరటి, ఆ వెనక వరి. నీడ ఎంత ఉంటుందంటే ఎనిమిదిన్నర దాకా ఎండ తగలదు. లొల్ల దగ్గర కాలువ శాఖలుగా చీలుతుంది. పడవలు నడిచిన కాలంలో నీటి మట్టం మార్చి వాటిని దాటించడానికి కట్టిన లాకులు ఇవి. సైకిల్ వాళ్ళు తెలుసుకోవలసింది ఏమిటంటే, ప్రతి లాకు దగ్గరా దారి సన్నబడి, చిన్న మిట్ట ఎక్కి, వెంటనే మలుపు తిరుగుతుంది. మిట్ట మీదికి వేగంగా వచ్చినవాళ్ళకి అవతలి నుంచి వచ్చే బండి చివరి క్షణం దాకా కనిపించదు. గంట కొట్టుకుంటూ, గేరు ముందే తగ్గించుకుని రావాలి.

కాలువ గట్టు మీద అసలైన ప్రమాదం ఎదురొచ్చే బండి కాదు, తారు అంచు. చాలాచోట్ల రోడ్డు వెడల్పు ఒక బండికి సరిపోయేంతే, పిట్టగోడ ఉండదు. ఆర్టీసీ బస్సు ఎదురైతే మీరు తారు దిగాల్సిందే. తారుకీ పక్క మట్టికీ మధ్య రెండు మూడు అంగుళాల దిగుడు ఉంటుంది. దిగడం సులువే. ముందు చక్రం ఏటవాలుగా పెట్టి మళ్ళీ తారెక్కబోతే అంచుకు రాసుకుని జారిపోతుంది. పూర్తిగా ఆగి, కాలు దించి ఎక్కండి, లేదా అంచు తారుతో సమానంగా కలిసేచోటు వచ్చేదాకా మట్టి మీదే పోండి. మనం ఎడమ పక్క నడిచేవాళ్ళం కాబట్టి, నీరు కుడి పక్కన ఉండేలా దిశ ఎంచుకోగలిగితే మంచిది. అప్పుడు తారు తప్పితే పడేది పొలంలో. నీరు ఎడమన ఉన్న ముక్కల్లో ఎదురు బండి కనిపించగానే ముందే ఆగిపోవడం తెలివైన పని. చీకటి పడ్డాక కాలువ గట్టు మీద ఎంత మంచి లైటున్నా తొక్కొద్దు.

శనివారం బొబ్బర్లంక, రావులపాలెం మధ్య ముక్కకి రావద్దు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు వేలల్లో వస్తారు, ఆ చుట్టుపక్కల దారులన్నీ కార్లే.

రావులపాలెం నుంచి స్వభావం మారుతుంది. జాతీయ రహదారి 16 అడ్డంగా పోతుంది, దాన్ని దాటడం తప్ప దాని మీద తొక్కే పని పెట్టుకోకూడదు. కొత్తపేట, ముక్కామల మీదుగా వెళ్ళే రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది కానీ బస్సులు, లారీలు ఎక్కువ. ఈ ముక్కని ఆస్వాదించాలని చూడకుండా తొందరగా గడిపేయడమే పద్ధతి. అరటి యార్డుకి గెలలు మోసుకొచ్చే సైకిళ్ళు ఇక్కడ కనిపిస్తాయి. వెనక క్యారేజీకి రెండు పక్కలా వేలాడే గెలలతో ఆ సైకిల్ రోడ్డు మీద మూడు సైకిళ్ళ వెడల్పు తీసుకుంటుంది. దాని పక్క నుంచి దూసుకుపోతే మీ హ్యాండిల్ గెలకి తగులుతుంది, ఇద్దరూ పడతారు. ఆయనకి వినపడేలా గంట కొట్టి, బాగా దూరం ఉంచి దాటండి.

పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద కాలువే ఏరుని దాటుతుంది. అక్విడక్టు అని చిన్నపిల్లలు కూడా అనే ఆ కట్టడం మొదట పందొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చింది, ఇప్పుడు పక్కనే కొత్తది ఉంది. మనుషులూ బళ్ళూ కూడా అక్కడే అవతలికి వెళ్తారు. కింద ఏరు, పైన కాలువ. ఆగి చూడదగ్గ చోటు ఈ దారిలో ఒకటే ఎంచుకోమంటే ఇదే. లొల్ల రెండోది.

అవతల తాటిపాక, రాజోలు ప్రాంతంలో ఓఎన్‌జీసీ ట్యాంకర్లు, జాతీయ రహదారి 216 మీది బళ్ళు కలుస్తాయి. రాజోలు దాటి మలికిపురం వైపు మళ్ళాక మళ్ళీ ఊపిరి తీసుకోవచ్చు. నేల ఇక్కడ సముద్రానికి దగ్గర, వరి తగ్గి కొబ్బరి, చేపల రొయ్యల చెరువులు పెరుగుతాయి. అంతర్వేది చూడాలనుకుంటే సఖినేటిపల్లి నుంచి వెళ్ళి అదే దారిలో వెనక్కి రావాలి. లక్ష్మీనరసింహస్వామి గుడి దాకా రోడ్డు సైకిల్ పోతుంది. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు ఇసుక మొదలవుతుంది, అక్కడ సైకిల్ నడిపించుకు వెళ్ళడమే. సన్నటి టైరుతో ఇసుకలోకి తొక్కితే గొలుసులోకి ఇసుక పోయి, తిరిగి వచ్చే దారంతా కరకరలాడుతుంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణం. ఆ వారం అటు పోవడం సైకిల్‌కీ భక్తులకీ ఇద్దరికీ ఇబ్బందే.

గాలి సంగతి తెలియకుండా ఈ దారి గురించి మాట్లాడలేం. గంటకి 25 కిలోమీటర్లతో పోయేవారికి ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి తగిలితే, అదే వేగం నిలబెట్టడానికి దాదాపు రెట్టింపు బలం పెట్టాలి. చలికాలంలో తెల్లవారుజామున నేల సముద్రం కన్నా చల్లగా ఉంటుంది కనుక గాలి నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. పది, పదకొండు తరవాత నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. పొద్దున్న రాజమహేంద్రవరంలో బయల్దేరి సముద్రం వైపు పోయేవాళ్ళకి మొదటి సగం అనుకూలమే. పదకొండులోపు రాజోలు చేరలేకపోతే మిగిలినదంతా ఎదురుగాలి. అదే రోజు వెనక్కి తొక్కాలనుకునేవాళ్ళకి మధ్యాహ్నం మూడు తరవాత సముద్రపు గాలి వీపున పడుతుంది, కాబట్టి మధ్యలో రెండు గంటలు ఎక్కడైనా నడుం వాల్చి బయల్దేరడం లెక్క ప్రకారం లాభం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి. అప్పుడు ఈ లెక్క పనిచేయదు.

ఎదురుగాలిలో పెద్ద గేరు వేసి నెమ్మదిగా నొక్కేవాళ్ళు మోకాళ్ళు పాడుచేసుకుంటారు. రెండు గేర్లు తగ్గించి, నిమిషానికి 85 నుంచి 90 తిప్పుళ్ళు ఉంచండి, వేగం 20కి పడిపోయినా బెంగపడొద్దు. నలుగురు కలిసి వెళ్తే వంతులవారీగా ముందుండడం బాగానే పనిచేస్తుంది, కానీ కాలువ గట్టు మీద చక్రానికి చక్రం ఆనించి పోవద్దు. ముందున్నవాడు గేదె కోసం బ్రేకు వేస్తే వెనకవాడికి కాలువే దిక్కు.

ఇక రోజుల సంగతి. డెల్టా రోడ్డు రైతుకి కళ్ళం కూడా. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ) కోతలప్పుడు ఏప్రిల్, మేల్లో ధాన్యం రోడ్డు మీదే ఆరుతుంది. సగం రోడ్డు వడ్లు, మిగతా సగంలో రెండు వైపులా బళ్ళు. వడ్ల మీద సన్నటి టైరు పట్టు ఉండదు, బ్రేకు వేస్తే నేరుగా నేల మీదికే. అంచున బండ్లు రాకుండా పెట్టిన రాళ్ళు, రాత్రిపూట కప్పిన బరకాలు చీకట్లో కనిపించవు. పైగా అది ఒకరి ఆరు నెలల కష్టం, దాని మీద తొక్కే హక్కు ఎవరికీ లేదు. దిగి నడిచి దాటండి.

గడ్డి ఇంకో బెడద. ఎండుగడ్డి ట్రాక్టరు నుంచి జారిన పోచలు వెనక గేరులో చుట్టుకుంటాయి. తొక్కుడు బరువుగా తగిలినా, టకటక చప్పుడు వచ్చినా ఆ క్షణమే తొక్కడం ఆపాలి. ఇంకో రెండు తిప్పులు బలంగా తొక్కితే గొలుసుని గేరు మార్చే డీరెయిలర్, చక్రం పుల్లల్లోకి లాగబడి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. ఒక్కో సైకిల్‌ది ఒక్కో రకం కాబట్టి ఏ ఊళ్ళోనూ దొరకదు. ఈ దారికి ట్యూబులకన్నా ముందు మూట కట్టుకోవలసింది మీ సైకిల్‌కి సరిపోయే స్పేర్ హ్యాంగర్, దాన్ని బిగించే అల్లెన్ కీ.

ఏప్రిల్ నడుమ నుంచి మే దాకా కాలువలు కట్టేస్తారు. నీళ్ళ పక్కన తొక్కుదామని వచ్చినవాళ్ళకి బురద, చెత్త కనిపిస్తాయి. మరమ్మతులప్పుడు తోడిన పూడిక గట్టు మీదే పోస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలాక ఊడ్పుల కోసం దమ్ము (నీళ్ళు పెట్టిన పొలాన్ని బురదగా దున్నడం) మొదలవుతుంది. ట్రాక్టరు ఇనప చక్రాలు తారు మీద చాళ్ళు గీస్తాయి, పొలం నుంచి తెచ్చిన బంకమట్టి రోడ్డు మీద పరుస్తాయి. ఆ మట్టి తడిసినప్పుడు బ్రేకు కాలిపర్లలో ఇరుక్కుని చక్రం తిరగదు. దాళ్వా దమ్ము డిసెంబరు నెలాఖరు, జనవరిల్లో మళ్ళీ వస్తుంది. అందుకే పైన సంక్రాంతి తరవాత అన్నది.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం సైకిల్ ఇంట్లోనే ఉంచండి. కోడిపందాల బరులకి పోయే కార్లు ఒక ఎత్తు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఇంకో ఎత్తు. ప్రభలు కదిలే దారుల్లో నడవడానికే చోటుండదు. ప్రభల తీర్థం చూడటానికి వెళ్ళండి, బస్సులో.

జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో బయల్దేరేముందు ధవళేశ్వరం నీటి మట్టం చూడాలి. 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటిది వచ్చిందంటే పంట్లు ఆగిపోతాయి, కనకాయలంక లాంటి లంకల కాజ్‌వేలు మునిగే పరిస్థితి వస్తుంది. ఆ రోజుల్లో నరసాపురం చేరాలంటే పంటు బదులు దిండి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు పోవాలి.

సైకిల్ ఎలా సిద్ధం చేసుకోవాలంటే, 25 మిల్లీమీటర్ల టైరు ఇక్కడి సిమెంటు రోడ్ల జాయింట్లకి చేతులు జలదరింపచేస్తుంది. 28 కనీసం, ఫ్రేములో చోటుంటే 32. సుమారు 70 కిలోల మనిషికి 28 టైరులో గాలి ఒత్తిడి ముందు 70, వెనక 75 పీఎస్‌ఐ, 32లో 55, 60 చాలు. 100 కొట్టించుకునే అలవాటు మానుకోండి, గట్టి టైరు గతుకుల మీద ఎగిరి వేగం పోగొట్టుకుంటుంది. పంక్చర్లు ఎక్కువగా తుమ్మ ముళ్ళ వల్ల. దడి కట్టడానికి కొట్టి రోడ్డు మీద లాక్కుపోయిన కంప రాల్చినవి అవి. ట్యూబులెస్ అయితే చిల్లుని మూసే సీలెంట్ ద్రవం నింపి రండి, ట్యూబులైతే రెండు అదనంగా. పంక్చరైన టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీశాకే కొత్త ట్యూబు వేయాలి. చిన్న ముల్లు మొన టైరులోనే ఉండిపోయి రెండోదాన్ని కూడా కొరికేయడం ఇక్కడ మామూలే. ఊళ్ళో సైకిల్ షాపులున్నాయి కానీ రోడ్డు సైకిల్ ట్యూబుకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి వాళ్ళ పంపు పట్టదు, రెండు మూడు గ్రాముల ఇత్తడి అడాప్టర్ ఒకటి వెంట ఉంచుకోండి. ఉప్పు గాలి తగిలిన సైకిల్‌ని ఆ రాత్రే మంచినీళ్ళతో తుడిచి గొలుసుకి నూనె పెట్టకపోతే రెండు రోజుల్లో బోల్టుల తలలు ఎర్రబడతాయి.

కొబ్బరి దింపు జరుగుతున్న తోట పక్క నుంచి పోయేటప్పుడు పైకి చూడండి. హెల్మెట్ కాయ కోసం తయారు చేసింది కాదు. రోడ్డు మీదికి వాలిన చెట్టు ఎక్కుతుంటే కింద నిలబడ్డ మనిషి ఆగమని చెయ్యి ఊపుతాడు, ఆగండి.

తిండికి బెంగ లేదు, తెలివిగా తినడమే కావాలి. అంబాజీపేట పొట్టిక్కలు సైకిల్ తొక్కేవాళ్ళ కోసమే పుట్టాయా అనిపిస్తుంది. పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన మినప, బియ్యం రవ్వ. నూనె లేదు, కడుపులో బరువు లేదు, రెండు తింటే గంటన్నర నడుస్తుంది. ముక్కామల నుంచి కాస్త పక్కకి పోవాలి, పోవచ్చు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు రుచికి తినండి, జెర్సీ జేబులో మాత్రం పెట్టుకోకండి. పది కిలోమీటర్లలో పొడి అవుతుంది, నెయ్యి బట్టకి అంటుతుంది. అదే ఊళ్ళో దొరికే మామిడి తాండ్ర అసలు సరుకు. ముక్కలు కోసి జేబులో వేసుకుంటే ఏ ఎనర్జీ జెల్‌కీ తీసిపోదు, ఖరీదులో పదోవంతు ఉండదు. కొబ్బరి బొండాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండాల మీదే బతికితే 70 కిలోమీటర్ల దగ్గర పిక్కలు పట్టేస్తాయి. మధ్యలో ఉప్పేసిన మజ్జిగ తాగండి, సీసాలో చిటికెడు ఉప్పు వేసుకోండి. రాజోలు దాటాక బోరు నీళ్ళు ఉప్పగా ఉండేచోట్లు చాలా, ఊళ్ళో వాటర్ ప్లాంటు దగ్గరే సీసాలు నింపుకోవాలి.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. సమయం లేనివాళ్ళకి ధవళేశ్వరం నుంచి బ్యారేజీ నాలుగు భాగాలూ దాటి విజ్జేశ్వరం, అక్కడి నుంచి కొవ్వూరు, రోడ్డు కం రైలు వంతెన మీదుగా తిరిగి రాజమహేంద్రవరం. 30 కిలోమీటర్లలోపు అయిపోతుంది, పొద్దున్న గంటన్నర పని. 1974 నాటి ఆ వంతెన మీద రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, జాయింట్లు కఠినం. మరమ్మతులకి మూసేసే రోజులూ ఉంటాయి, కనుక్కుని వెళ్ళండి. మూడు ఇవ్వొచ్చు.

తూర్పున మండపేట, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి, పంటు మీద గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరం, కొత్తపేట, రావులపాలెం, మళ్ళీ కాలువ పట్టుకుని వెనక్కి. 120 దాటుతుంది. నాలుగు ఇవ్వదగ్గ చుట్టు. తాపేశ్వరం కాజా తోవలోనే కాబట్టి ఇంకో పావు మార్కు కలపమన్నా కలపొచ్చు. మహాశివరాత్రికి కోటిపల్లి రేవులో జనం నిండి ఉంటారు.

ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట పోయే కెనాల్ రోడ్డు పేరు విని మోసపోవద్దు. కాలువ పక్కనే, నిజమే. కానీ సన్నటి రోడ్డు మీద లారీలు, బస్సులు కాకినాడకి పోయే తొందరలో ఉంటాయి, బళ్ళు కాలువలో పడ్డ వార్తలు కొత్త కాదు. సైకిల్‌కి సున్నా.

సరస్సు కావాలనుకునేవాళ్ళకి కొల్లేరు ఉంది. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోతుంది, నవంబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు. కైకలూరు దగ్గర ఆటపాకలో పెలికాన్లని చూడొచ్చు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న) చిత్తడి నేలగా గుర్తించిన చోటు. తొక్కడానికి మాత్రం కోనసీమకి సాటి రాదు. నీడ లేదు, గాలికి అడ్డు లేదు, చేపల లారీల నుంచి కారే మంచు నీళ్ళు మలుపుల్లో జిగురుగా అంటుకుని ఉంటాయి. ఆ తడి మీద వాలి తిరిగితే జారడం ఖాయం, సైకిల్ నిటారుగా ఉంచి నెమ్మదిగా తిప్పాలి. వరదొస్తే ఎడ్లగాడి వంతెనల దగ్గర నీళ్ళు రోడ్డెక్కుతాయి. పక్షుల కోసం అయితే నాలుగు, సైకిల్ కోసం అయితే రెండున్నర.

తిరిగి రావడం గురించి చెప్పి ముగించాలి, ఎందుకంటే దారిని నరసాపురంలో ఆపమనడానికి కారణమే అది. పంటు దిగితే ఊరు, ఊళ్ళో స్టేషన్, అక్కడి నుంచి హైదరాబాద్ వైపు రాత్రి బండి. సైకిల్ బ్రేక్ వ్యానులో పోవాలి, దానికి పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి, మీ టికెట్ చూపించాలి. రాజమహేంద్రవరంలో ఎక్కించబోతే బండి ఆగేది కాసేపే, వ్యాను తలుపు తెరిచేలోగా కదిలిపోయే ప్రమాదం ఉంది. నరసాపురంలో బండి బయల్దేరేది అక్కడి నుంచే కాబట్టి తీరిగ్గా ఎక్కించవచ్చు. కొన్ని బండ్లలో వ్యాను ప్రైవేటు వాళ్ళకి లీజుకిచ్చి ఉంటుంది, అప్పుడు పార్సిల్ ఆఫీసు చేసేదేమీ ఉండదు. టికెట్ తీసుకునేముందే కనుక్కోవాలి. బండి కదలడానికి కనీసం రెండు గంటల ముందు వెళ్ళండి. పెడళ్ళు విప్పండి (ఎడమది కుడి వైపుకి తిప్పితే ఊడుతుంది), హ్యాండిల్ అడ్డంగా తిప్పి కట్టండి, డీరెయిలర్ ఉన్న కుడి పక్క అట్టముక్క చుట్టండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రెండు చోట్ల రాసి అంటించండి. లైట్లు, వేగం చూపే సైకిల్ కంప్యూటర్, సీసాలు తీసి సంచిలో వేసుకోండి. పంటు దగ్గర మనిషికీ సైకిల్‌కీ వేరువేరుగా తీసుకుంటారు కాబట్టి చిల్లర ఉంచుకోండి. చీకటి పడేలోపు రేవు చేరేలా రోజంతా లెక్క వేసుకోండి.